గుంజే బండి

"భాగ్యా, మూడు చాయలు."

సర్వపిండి గిన్నెలు తోముతున్న భాగ్యలక్ష్మి చేతులకున్న మసి కడుక్కొని లేచింది. స్టవ్ ముట్టించి ముందు గదిలోకి తొంగి చూసింది. భర్త రవీంద్ర, మరిది వినోద్, కొడుకు శివకృష్ణ ముగ్గురూ ఒకే ఫోను మీదికి వంగి పికప్ బండ్ల వీడియోలు చూస్తున్నారు. ఎర్రరంగుది, నాలుగు తలుపులది, ఏదో కొండదారిలో దుమ్ము రేపుకుంటూ పోతోంది. ముగ్గురి ముఖాలూ వెలిగిపోతున్నాయి. కొనబోయే పికప్ లాగాల్సింది ఆమె టిఫిన్ బండిని. ఆ మాట వాళ్ళలో ఎవరికైనా గుర్తుందో లేదోనని ఆమెకు అనుమానం వచ్చింది. చాయలో చక్కెర వేసి గ్లాసుల్లోకి పోసింది.

బతకడానికొచ్చిన ఈ పరరాష్ట్రపు పట్నంలో, ఉధ్నా అనే పేటలో సాంచెల, అంటే మరమగ్గాల షెడ్ల మధ్య ఆ టిఫిన్ బండి పెట్టి ఎనిమిదేళ్ళయింది. నాలుగు చక్రాల మీద రేకుల గది లాంటి బండి. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచెలు నడిపే మగవాళ్ళు డ్యూటీ దిగి అక్కడ నిలబడి జొన్నరొట్టె, పచ్చిపులుసు తినిపోతారు. ఇల్లేమో అమ్రోలిలో, తాపి నదికి అవతల. రోజూ పొద్దున బండి నది దాటి ఉధ్నా పోవాలి, సాయంత్రం ఊరంతా దాటుకొని తిరిగి రావాలి. ఇన్నాళ్ళూ దాన్ని వినోద్ జీపు లాగింది. అది అతను పనిచేసే కాంట్రాక్టరు జీపు. వినోద్ దానికి ఎన్నడూ పైసలు అడగలేదు, ఆ మాట నిజమే. కానీ అతని చొక్కాలు భాగ్యలక్ష్మే ఇస్త్రీ చేయాలి. పొద్దున అందరికీ ఉప్మా అయితే అతనికి వేరే ఆమ్లెట్ వేయాలి. అతను లేవడం ఆలస్యమైతే పిండి గిన్నెలు ముందు పెట్టుకొని గేటు దగ్గర నిలబడాలి. చుట్టాలు వచ్చినప్పుడల్లా అతను, "నా జీపు లేకుంటె మా వదినె హోటల్ ఏడుంటుండె," అని నవ్వేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మర్నాడు జీపు ఇంకా ఆలస్యమవుతుంది.

మొన్న వానాకాలంలో బ్రిడ్జి ఎక్కుతుంటే జీపు క్లచ్ కాలిపోయింది. కాలిన వాసన, వెనక బండి బరువు, జీపు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. భాగ్యలక్ష్మి దూకి, రోడ్డు పక్కనున్న రాయి తెచ్చి చక్రం కింద తోసింది. వెనకున్న కార్లన్నీ హారన్లు కొడుతుంటే వానలో అలాగే నిలబడింది. చివరికి ఎవరో లారీ ఆయన జాలిపడి తాడు కట్టి అవతలికి లాగాడు. ఇల్లు చేరేసరికి అత్త స్వరాజ్యం గుమ్మంలో కూర్చుని ఉంది. కోడలి చీర నుంచి నీళ్ళు కారుతున్నా ఆమె కళ్ళకు ఆనలేదు. "ఇంక పొయ్యి ముట్టియ్యకపోతివి. పోరగాడు ఆకలైతుందని నీళ్ళు తాగి పన్నడు," అంది. పోరగాడంటే శివకృష్ణ, వాడికి ఇరవై ఏళ్ళు. కతర్‌గామ్‌లో వజ్రాల కార్ఖానాలో పనిచేస్తాడు. గల్లీ చివర మిర్చిబజ్జీల బండి ఉంది, వాడికి రెండు కాళ్ళున్నాయి. ఈ మాటలన్నీ లోపల్లోపల అనుకుంటూ భాగ్యలక్ష్మి తడి చీరతోనే పిండి తడిపింది. ఇంట్లో ఆమె అనుకునే మాటలు ఎప్పుడూ పిండిలోకే పోయేవి.

ఆ తర్వాత కాంట్రాక్టరు జీపుతో ఇంకేమీ లాగవద్దన్నాడు. కొన్నాళ్ళు కిరాయి టెంపోతో లాగించినా, పికప్ కొనక తప్పలేదు. కిస్తులు టిఫిన్ బండి సంపాదన నుంచే కట్టాలని కూడా అనుకున్నారు.

అప్పటి నుంచి భాగ్యలక్ష్మికి అదే ధ్యాస. తినడానికి వచ్చే టెంపో డ్రైవర్లను, బట్టల బేళ్ళు మోసే పికప్ వాళ్ళను ఒక్కొక్కరినీ అడిగింది. స్పీడు చూడొద్దని ఒకరు చెప్పారు, మొదటి గేరులో ఎత్తు మీద ఆపి మళ్ళీ లేవగలదా అన్నదే చూడాలన్నారు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే భయమని, వెనక బండి ముందుకు తోస్తుంటే బ్రేకులు పట్టుకోవాలని ఇంకొకరు చెప్పారు. సామాను ఉధ్నాలోనే దొరికే మోడల్ తీసుకొమ్మని, లేకపోతే చిన్న ముక్క కోసం వారం రోజులు బండి నిలిచిపోతుందని ముసలి డ్రైవరొకాయన చెప్పాడు. అన్నం పెడుతూ ఆమె ఇవన్నీ రవీంద్రకు చెప్పబోతే, అతను కంచంలోంచి తల ఎత్తకుండానే, "నువ్వు నీ రొట్టెల సంగతి సూడు, బండ్ల సంగతి మేం సూస్తం," అన్నాడు. రెండు రోజుల తర్వాత పక్కింటాయనతో, ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే బండి ఒడుపు తెలుస్తదని అతను చెప్పడం ఆమె చెవిన పడింది. మొదట సంతోషపడింది, తన మాట ఎక్కిందని. బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి ఆ మాట చెప్పింది తానని అతను అననేలేదని తోచి, ఆ సంతోషం ఆరిపోయింది.

ఇంత విన్నా వాళ్ళ మనసు మాత్రం ఆ ఎర్రదాని మీదే ఉంది. జగిత్యాలలో పెళ్ళిళ్ళకు ఇంటిల్లిపాదీ కూర్చుని పోవచ్చని రవీంద్ర లెక్క. నడిపేది తానే కాబట్టి సీటు మెత్తగా ఉండాలని వినోద్. శివకృష్ణకు దోస్తుల ముందు ఇజ్జత్. స్వరాజ్యానికి కిటికీ పక్క సీటు. భాగ్యలక్ష్మికి ఏం కావాలో ఎవరూ అడగలేదు.

ఆదివారం షోరూంకు తాను కూడా వస్తానని ఆమె పట్టుబట్టింది. అక్కడి సేల్స్ అబ్బాయి ముగ్గురు మగవాళ్ళతోనూ కరచాలనం చేసి, ఆమెకు నమస్తే పెట్టి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. ఎర్ర పికప్ వెనక్కి పోయి వంగి చూసింది. లాగే కొక్కెం కింద చట్రానికి బిగిస్తారా, లేక బంపరుకేనా అని హిందీలో అడిగింది. ఆ అబ్బాయి మంచివాడే, వివరంగా జవాబు చెప్పాడు. కానీ చెప్పినంతసేపూ రవీంద్ర వైపే చూశాడు. ఆమె ఇంకొకటి అడిగింది. దానికీ జవాబు రవీంద్రకే అందింది. భర్త తల ఊపుతుంటే, తాను లేని చోటికి తన ప్రశ్న ఒక్కటే వచ్చినట్టు అనిపించింది ఆమెకు.

అప్పుడప్పుడు లాగడానికైతే ఎర్రది బాగానే ఉంటుందని, రోజూ అంత బరువుతో బ్రిడ్జి ఎక్కాలంటే మాత్రం ఒంటి క్యాబిన్‌ది, మొరటుగా ఉండే ఆ తెల్లది తీసుకొమ్మని ఆ అబ్బాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. రవీంద్ర ముఖం చిన్నబోయింది. అది చూసి ఆ అబ్బాయి సర్దిచెబుతున్నట్టు, అసలు రోజూ ఎందుకు లాగడం, తినేవాళ్ళంతా ఉధ్నాలోనే ఉన్నప్పుడు అక్కడే ఎవరి ఆవరణలోనో పెట్టుకోవచ్చు కదా, వండుకోవడానికి పక్కనే ఒక గది తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాడు.

"ఫిర్ ఘర్ మే ఖానా కౌన్ పకాయేగా, భాయ్?" అన్నాడు రవీంద్ర. మరి ఇంట్లో వంటెవరు చేస్తారట. ముగ్గురూ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు.

భాగ్యలక్ష్మి నవ్వలేదు. కొక్కెం మీద పెట్టిన చేయి తీయడం కూడా మరిచిపోయింది. కొన్ని నెలలుగా ఆమె తలలో క్లచ్, బ్రేకులు, గేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఇంత పెద్ద వాహనం ఎందుకు కావాలో మాత్రం ఒక్కసారి కూడా తనను తాను అడగలేదు. జొన్నలు మర పట్టించేది ఉధ్నాలో. కూరగాయలు కొనేది ఉధ్నాలో. తినేవాళ్ళు ఉధ్నాలో. ఆ రేకుల బండికి అమ్రోలిలో ఏం పని? రోజూ సాయంత్రం తాపి దాటి అక్కడికి రావాల్సింది ఆమె రెండు చేతులు మాత్రమే. ఆ చేతులు పొద్దుగూకేసరికి ఆ ఇంటి పొయ్యి దగ్గరుండాలి. అందుకోసం వినోద్ జీపు, అందుకోసం వానలో చక్రం కింద రాయి, ఇప్పుడు అందుకోసమే ఈ పికప్. దాని కిస్తులు కూడా ఆ చేతులే కట్టాలి. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఆమె ముఖం బయటికి తిప్పుకొని, గది కిరాయి ఎంతుంటుందో లెక్కలు వేసుకుంది. అలిగిందని రవీంద్ర అనుకున్నాడు.

మర్నాడు ఉధ్నాలో గిరాకీ తగ్గాక సమ్మక్క దగ్గరికి పోయింది. సమ్మక్క భర్త పోయాక సాంచెల షెడ్డు తానే నడుపుకుంటూ, వెనకున్న అర్రలు, అంటే చిన్న గదులు, కిరాయికిస్తుంది. బండి పట్టేంత గేటు, వాకిలి ఉన్నాయి.

"అర్ర ఖాళీగనే ఉంది," అంది సమ్మక్క. "మీవోళ్ళు ఒప్పుకున్నరా?"

"నేనింక అడగలే."

సమ్మక్క తాళంచెవి తీసుకొని లేచింది.

చిన్న గది. సాంచెల చప్పుడుకు గోడ అదురుతోంది. తాను ఇక్కడే ఉండిపోతే ఏమంటారో భాగ్యలక్ష్మికి తెలుసు. మొగుణ్ణి వదిలేసిందంటారు. కొడుకు ఎండిపోతాడని అత్త వీధంతా చెబుతుంది. తలుపు దగ్గర నిలబడి అవతలి అర్రల వైపు చూసింది. ఒక్కొక్క దాంట్లో నలుగురైదుగురు మగవాళ్ళు, పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో ఉంచి ఏళ్ళ తరబడి ఇక్కడే పని చేసుకుంటున్నారు. ఇల్లు వదిలేశారని వాళ్ళను ఎవరూ అనలేదు. పని కోసం వచ్చారన్నారు. తనది కూడా పనే. అర్ర తనకే ఉంచమని సమ్మక్కతో చెప్పింది.

సాయంత్రం ఇంట్లో ముగ్గురూ ఖుషీగా ఉన్నారు. బ్రిడ్జి మీద జాగ్రత్తగా నడిపితే ఎర్రది కూడా లాగుతుందని వినోద్ ఒప్పించాడు. రేపే బుక్ చేయడమని నిర్ణయమైపోయింది. స్వరాజ్యం మంచం మీద కూర్చుని నవ్వుతోంది. కిస్తుల మాట వచ్చేసరికి రవీంద్రకు భార్య గుర్తొచ్చింది.

"నువ్వేమంటవ్? ఎర్రదే తీస్కుందామా?"

భాగ్యలక్ష్మి చాయ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టింది.

"మీకేది నచ్చితె అది తీస్కోండ్రి. కిస్తులు మీరే సూస్కోండ్రి. నా బండిని ఒక్కసారి ఉధ్నా దాంక గుంజితె సాలు."

వినోద్ నవ్వబోయి ఆగిపోయాడు. రవీంద్రకు అర్థం కాలేదు.

"గట్లెట్ల? మల్ల పొద్దుమీకి వాపస్ ఎట్లొస్తది?"

"బండి రాదు," అంది భాగ్యలక్ష్మి. "ఐతారం నేనొస్త."