కింది బడి, పై బడి

బల్లలమీద కుర్చీలన్నీ బోర్లా ఉన్నాయి. వాటి కింద వెడల్పాటి చీపురు తోస్తున్న క్లైటస్ మేబ్రీ, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు. కిటికీ దగ్గర పోగేసిన చెత్తను రెండుసార్లు తొక్కాడు. నడుముకు వేలాడే తాళాల గుత్తిని అలవాటుగా ఎడంచేత్తో పట్టుకున్నాడు గానీ ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. ఆవిరి గొట్టాలకు ఆ పొద్దునే మొదటిసారి వేడి ఎక్కింది. గోడ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు అవి టకటకమంటున్నాయి. బ్రౌన్స్‌విల్ పేటలో అక్టోబరు వచ్చిందంటే ఈ చప్పుడుతోనే తెలుస్తుంది.

మనిషి పొడుగు. వయసు ఆ పొడుగును భుజాల దగ్గర కొంచెం వంచింది. మీసం నెరిసింది, కుడి మోకాలు మొరాయిస్తుంది, ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో తలుపులో నలిగి నల్లగానే ఉండిపోయింది. వయసులో ఉండగా ఈ బడిలో చీపురు పట్టాడు. ఈ బడిలోనే కూతురు రోషెల్ చదివింది. ఇప్పుడు మనవరాలు జనాయా రెండో తరగతి, ఇదే గదిలో.

బడి అంటే ఒకటి కాదు, అదే వచ్చిన చిక్కు. ఇటుకల కట్టడం ఒకటే, బడులు రెండు. కింది రెండు అంతస్తులూ పాత బడివి, పేటలో ఎవరొచ్చినా కాదనకుండా చేర్చుకునేది. ఆ పైవన్నీ చార్టర్ బడివి. అదీ సర్కారు సొమ్ముతోనే నడుస్తుంది గానీ పెత్తనం వేరేవాళ్లది, లాటరీలో పేరు తగిలిన పిల్లలకే అక్కడ చోటు. వాళ్ల గుమ్మం వేరు, మెట్లు వేరు, భోజనాల వేళ వేరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఇమిడ్చారు, ఒర చిరుగుతూ ఉంది. నిరుడు లైబ్రరీ పైవాళ్లకు పోయింది, అంతకు ముందేడు సంగీతం గది. నెలాఖరున తలలు లెక్కపెట్టినప్పుడు కింద పిల్లలు తగ్గితే ఈ గదీ పోతుంది. రెండు బడుల్నీ ఊడ్చేది మాత్రం క్లైటస్ ఒక్కడే.

నిన్న రాత్రి రోషెల్ ఫోను చేసింది. ఎవరో మంచం పట్టిన ముసలమ్మ దగ్గర నైట్ డ్యూటీలో ఉందేమో, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నాన్నా, పై బడివాళ్లు పిలిచారు. ఒక సీటు ఖాళీ అయిందట. రేపు నాలుగింటిలోగా వచ్చి సంతకం పెట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట."

"నువ్వు లాటరీలో పేరు వేశావా?"

"వేశాను. నీకు చెబితే గోల చేస్తావని చెప్పలేదు. రోజూ రెండు బడులూ ఊడుస్తావు కదా, నీకంటే ఎవరికి తెలుసు? నువ్వేమంటే అదే. సరేనంటే నువ్వే సంతకం పెట్టేయ్, వద్దంటే వద్దు."

అంత భారం ఎత్తి తండ్రి నెత్తిన పెట్టి, ముసలమ్మ పిలుస్తోందని ఫోను పెట్టేసింది. అప్పటినుంచి క్లైటస్ మనసు మనసులో లేదు.

పిల్లలు రాకముందు కాఫీకని వంటగదిలోకి వెళ్లాడు. ఓపల్ ట్రేల్లో పాన్‌కేకులు సర్దుతోంది. ఆవిడ చేతులు ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు.

"ఏమయ్యా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్? కాఫీలో ఉప్పేసుకుంటున్నావు చూడు!"

చూసుకున్నాడు. నిజమే. కప్పు సింకులో వంచి ఇంకొకటి పోసుకుని సంగతి చెప్పాడు. ఓపల్ చేతులు ఆగిపోయాయి.

"మొన్న వసంతంలో మీటింగులో అట్ట పట్టుకుని ముందు నిలబడ్డదెవరయ్యా? 'మా గదులు మాకే' అని మైకు కంటే గట్టిగా అరిచిందెవరు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను గానీ, వాసాలు పీకి పక్కింటికి మోసేవాణ్ని నిన్నే చూస్తున్నా."

"వాళ్ల పిల్లలు చదువుతున్నారు ఓపల్. నేను చూస్తూనే ఉన్నాను."

"ఎందుకు చదవరూ? ఏరుకున్న బియ్యంలో రాళ్లుంటాయా? మా అక్క కొడుకు అల్లరి చేస్తున్నాడని రోజు మార్చి రోజు ఇంటికి పంపి, చివరికి మా అక్క చేతే మాన్పించారు. ఎటు తిరిగొచ్చాడు వాడు? ఇదిగో, ఈ కిందికే. ఇక్కడ వాణ్ని పొమ్మనలేదు."

ఓపల్ చెప్పింది అబద్ధం కాదు. రోషెల్ ఆశపడిందీ అబద్ధం కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పది గంటలవేళ మూడో అంతస్తులో ఎవరో పిల్లాడు కక్కుకున్నాడని కబురొచ్చింది. బకెట్టూ చీపురూ రంపపు పొట్టూ పట్టుకుని వెళ్లాడు. పై బడి వరండాలో నేలమీద నల్ల టేపు గీత ఉంటుంది. పిల్లలు దానిమీదే నడవాలి, చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని. ఆ టేపు అంటించిందీ అతనే. గదిలో అతను పొట్టు చల్లుతున్నా, వాసనకు ముక్కులు మూసుకుంటూనే పిల్లలు చదువుతున్నారు. జనాయా కంటే చిన్నగా, పిసరంత ఉన్న పిల్ల ఒకతి నిలబడి, తిమింగలాల గురించి పేజీ మొత్తం గడగడా చదివేసింది. తడబడిన చోట వెనక్కి వెళ్లి సరిచేసుకుని మరీ చదివింది. మూలన ఒక కుర్రాడు గోడవైపు తిరిగి ఒంటరిగా కూర్చున్నాడు, ఏం చేశాడో పాపం. క్లైటస్‌ను చూసి వాడు బల్ల కింద వేలు ఆడించాడు. క్లైటస్ కూడా చీపురు వెనకనుంచి వేలు ఆడించాడు. ఆ పిల్ల చదువు చూసి అతనికి అసూయ కలిగింది, ఈ పిల్లవాణ్ని చూసి ఒళ్లు మండింది. రెంటినీ మోసుకుని మెట్లు దిగాడు.

మధ్యాహ్నం కింది బడి మెట్లు తుడిచి, పసుపు బోర్డు నిలబెట్టి, నీళ్లు పిండుతున్నాడు. అవతలి మెట్ల తలుపు తెరుచుకుంది. పై బడి పంతులమ్మ మిస్ డన్లప్, ఇరవయ్యేళ్లు దాటాయో లేదో, ఒక పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల జనాయా. ఇంకో చేతిలో కాగితం నలిగిపోయి ఉంది.

"మిస్టర్ మేబ్రీ, ఈ పాప మీ కింది బడి పిల్లేనా? మా అంతస్తులో దారి తెలీక ఏడుస్తోంది."

"నా మనవరాలు."

"అయ్యో, నాకు తెలీదు. తలుపు మీద పెద్ద బోర్డు పెట్టాం కదా, కింది బడి పిల్లలు రాకూడదని..." అంటూ ఆ అమ్మాయి నొచ్చుకుంది. "తిట్టలేదండీ, నీళ్లు కూడా ఇచ్చాను" అని చెప్పి వెళ్లిపోయింది.

క్లైటస్ మోకాలు నొక్కుకుంటూ ఆఖరి మెట్టుమీద కూర్చున్నాడు.

"అటెందుకెళ్లావు బంగారం?"

"మా మిస్ ఆఫీసులో ఇమ్మన్నారు తాతా, ఈ కాగితం. నువ్విటు తుడుస్తున్నావుగా. తొక్కితే నీకు మళ్లీ పని కదా."

"మరి తలుపుమీద బోర్డు చూడలేదా?"

"చూశా! చదివా కూడా." ముక్కు ఎగపీల్చి గర్వంగా చెప్పింది. "'తడిగా ఉంది, జాగ్రత్త' అని ఉంది. అందుకే కమ్మీ పట్టుకుని మెల్లిగా ఎక్కా. ఒక్కసారి కూడా జారలేదు తాతా."

ఆ బోర్డు కూడా పసుపు రంగుదే. సెప్టెంబరులో తనే అంటించాడు. ఈ పిల్ల లోకంలో పసుపు బోర్డులన్నీ తాత పెట్టినవే, అన్నిటిమీదా ఉండేది ఒకటే మాట. క్లైటస్ తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని కాగితాన్ని తొడమీద చదును చేసి ఇచ్చాడు. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. మెట్లు ఆరిపోయాయి, అయినా బోర్డు తీయలేదు.

బడి వదిలాక రెండో తరగతి గదిలోకి వెళ్లాడు. పిల్లలు తమతమ కుర్చీలు బల్లలమీదికి ఎత్తి పరుగులు తీస్తున్నారు. ఎవరి కుర్చీ వాళ్లే ఎత్తాలి, పొద్దున ఎవరిది వాళ్లే దించుకోవాలి. వాళ్ల టీచరు మిసెస్ టాలివర్ పెట్టిన పద్ధతి అది, చీపురు పట్టేవాడి నడుము కోసం. అందుకు బదులుగా క్లైటస్ పార్కులో టెన్నిస్ ఆడేవాళ్లు పారేసిన బంతులు ఏరుకొచ్చి, గాటు పెట్టి, కుర్చీల కాళ్లకు తొడిగాడు. ముందు పై అంతస్తు కుర్చీలకు తొడిగాడు, అక్కడి రాపిడి ఆవిడ నెత్తిమీదే మోగుతోందని. తర్వాత కింది పిల్లలూ మాకో మాకో అన్నారు. అన్నీ పసుపు బంతులే. జనాయా కుర్చీకి మాత్రం ఒకటి ఎరుపు, కుక్కలు ఆడుకునే రకం. అది కావాలని పట్టుపట్టి తొడిగించుకుంది.

"ఎరుపంటే అంతిష్టమా నీకు?" అన్నాడిప్పుడు, ఏదో ఒకటి అనాలని.

కుర్చీని పొట్టకు ఆనించుకుని ఎత్తుతూ ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "కాదు తాతా. నా పక్కన కూర్చునేది జనీయా. కుర్చీ చీటీమీద దాని పేరూ నా పేరూ ఒకలాగే ఉంటాయి. ఎర్రబంతి ఉంటే నాదని తెలుస్తుంది."

అని, బల్లమీద కుర్చీ సరిగా నిలిచిందో లేదో చూసుకుని, ఓపల్ దగ్గర మిగిలిన ఆపిల్ ముక్కలకోసం పరిగెత్తింది.

మిసెస్ టాలివర్ నల్లబల్ల తుడుస్తోంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మెడలో గొలుసుకు కళ్లద్దాలు, చేతులకు సుద్ద. క్లైటస్ తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పాడు. ఆవిడ తుడవడం ఆపలేదు.

"మీరు కూడానా, మిస్టర్ మేబ్రీ?"

"దానికి చదవడం రావట్లేదు మేడం."

"నాకు తెలీదా? రోజూ బడయ్యాక కూర్చోబెట్టుకునేది నేనే కదా. ఇప్పుడిప్పుడే అక్షరాలు కలుస్తున్నాయి. క్రిస్మస్ దాకా ఆగండి."

"రోషెల్ చదివినప్పుడు కూడా మీరు క్రిస్మస్ దాకా అనే అన్నారు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ డస్టరు కింద పెట్టింది.

"రోషెల్ నా దగ్గర చదవడం నేర్చుకుంది."

"నేర్చుకుంది మేడం. కాదన్నానా?"

"అప్పుడు నాకు తోడు చదివించడానికి ఇంకో టీచరుండేది. ఆవిణ్ని తీసేశారు. ఆవిడ కూర్చున్న గది ఇప్పుడు ఎవరిదో మీకు తెలుసు. సామాన్లు మోసింది మీరే." కళ్లద్దాలు పెట్టుకుంది, మళ్లీ తీసింది. "ఒక్కొక్కరూ ఇలాగే వచ్చి గుమ్మంలో నిలబడతారు. అందరివీ మంచి కారణాలే. మంచి కారణాలతోనే నా గది ఖాళీ అవుతోంది."

"నేను ఆగగలను మేడం. దానికే ఆగే వయసు కాదు."

ఆవిడ గడియారం వైపు చూసింది. "అయితే ఇక్కడేం చేస్తున్నారు? నాలుగవుతోంది, వెళ్లండి."

తిట్టినా బాగుండేదని అనిపించింది అతనికి. ఇన్నేళ్లలో ఆవిడ ముందు ఇంత సిగ్గుపడింది లేదు. వరండాలో బకెట్టు అక్కడే వదిలేసి, అవతలి మెట్లు ఎక్కాడు. చేతిలో చీపురూ లేక, బకెట్టూ లేక, ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. వరండాలోకి వచ్చాక చూసుకుంటే నల్ల గీతమీదే నడుస్తున్నాడు. పక్కకు దిగి నడిచాడు. ఆఫీసులో చిరునవ్వుతో కలం ఇచ్చారు. సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున పై బడి గుమ్మం ముందు పిల్లలు వరసకట్టారు. నారింజరంగు చొక్కాల్లో జనాయా చివరన ఉంది. చొక్కా మోచేతులు దాటింది, జుట్టు రోషెల్ గట్టిగా లాగి అల్లినట్టుంది, నుదురు బిగుసుకుపోయింది. కింది గుమ్మం దగ్గర ఆకులు ఊడుస్తున్న తాతను చూడగానే చెయ్యి గాలిలోకి సగం లేచింది. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి ఏదో అంది. ఆ చెయ్యి మెల్లగా దిగి వీపు వెనక్కి వెళ్లి రెండో చేతిని పట్టుకుంది. తలుపు మూసుకుంది. క్లైటస్ చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇది మంచిదో కాదో అతనికి తెలియలేదు. తెలిసేసరికి ఎన్నేళ్లు పడుతుందో, అప్పటికి తను ఉంటాడో లేడో.

గంట కొట్టాక చెత్తబుట్ట వంకన రెండో తరగతి గదిలో తొంగి చూశాడు. పిల్లలు గోలగోలగా కుర్చీలు దించుకుంటున్నారు. మిసెస్ టాలివర్ అతన్ని చూసి తలూపింది, అంతే.

"మిస్, జనాయాది దించనా?" అని అడిగింది జనీయా.

"వద్దమ్మా. ఉండనీ."

పిల్లలంతా కూర్చున్నారు, పుస్తకాలు తీశారు. కిటికీ పక్క బల్లమీద ఆ ఒక్క కుర్చీ బోర్లానే ఉంది, మూడు పసుపు బంతులూ ఒక ఎర్రబంతీ పైకి పెట్టుకుని.