కొంరెల్లి కాచిన డప్పు

నేను ఒక డప్పును. గోడకు బొమ్మలా వేలాడుతున్న నన్ను చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడు నా గొంతు వింటే ఊరు ఊరంతా వణికేది.

చింతకొయ్య చట్రానికి మేకతోలు బిగించి నన్ను చేసినవాడు కొంరెల్లి. దొర గడీలో పుట్టుకతోనే వెట్టివాడు. దొర మాటను వీధి వీధినా చాటడం అతని పని. "పొద్దుగాల ఇంటికొకలు గడీకి రావాలహో!" అని అతను అరిస్తే, పాలిచ్చే తల్లులు కూడా బిడ్డలను దించి పరుగెత్తేవాళ్లు.

మంట మీద కాచందే నా తోలు బిగుసుకోదు. ఒకరోజు కొంరెల్లి నన్ను ఎప్పటికన్నా ఎక్కువసేపు కాచాడు. గడీ ముందే నిలబడి దరువేసి, "ఇయ్యాల్టి సంది గడీకి ఎవ్వలు పోవద్దహో! నేను పోతలేనహో!" అని చాటాడు. దొర మనుషులు అతని పళ్లు రాలగొట్టారు. ఆ బోసినోటితోనే ఊరూరా తిరిగి వెట్టి మాన్పించాడు. మనుషులు ఒకసారి విడుదలైతే ఇక ఎప్పటికీ విడుదలైనట్టేననుకున్నాను. డప్పుకు బుద్ధెక్కడిది, లోపలంతా డొల్లే కదా!

అతను పోయాక అతని పేరిట స్మారక భవనం లేచింది. స్థలమిచ్చింది ఆ దొర మనవడే, ఇటుకలూ ఆయన బట్టీవే. పురుగు పట్టకూడదని నా తోలుకు వార్నిష్ పూసి, అందులో గోడకు తగిలించారు. ఏటా వర్ధంతికి నాకు దండ, దొర మనవడికి శాలువా.

ఈసారి వర్ధంతికి ముందు ప్రహరీ కోసం ఇటుకలు దించడానికి బట్టీ కూలీలను తెచ్చారు. వాళ్లలో బుగ్గమ్మ ఒకతె. ఆమె బిడ్డ బట్టీ గుడిసెలో జ్వరంతో కాలిపోతోంది. దవాఖానకు పోతానంటే గుమస్తా వదలలేదు. అందరూ పని ఆపితే వదులుతాడని తోటివాళ్లను బతిమాలింది. ఎవరూ కదల్లేదు.

"ఇది మోగితే మనుషులు లేస్తరని మా తాత చెప్పిండు" అంటూ ఆమె నన్ను గోడ నుంచి దించింది. కూలీలు అన్నం వండుకునే పొయ్యి మీద కాచింది. ఎన్నేళ్లకు వేడి తగిలింది! ప్రాణం లేచొచ్చింది. అంతలోనే వార్నిష్ బుడగలు కక్కి, తోలు చిట్లిపోయింది. ఆమె కొట్టింది. తడి గోనెసంచిని కొట్టినట్టు చప్పుడైంది, అంతే. కూలీలు తలెత్తి చూసి, మళ్లీ ఇటుకల మీదకు వంగారు.

గుమస్తా ఉరికొచ్చి నన్ను లాక్కున్నాడు.

"మహానుభావుడి వస్తువే ఇది! సిగ్గులేదా?"

"అయ్యా, నా బిడ్డ..."

"పనిలకు పో!"

ఇప్పుడు నాకు ప్లాస్టిక్ తోలు. వర్ధంతి సభలో దొర మనవడు స్వేచ్ఛ గురించి చాలాసేపు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీలు మోస్తున్న బుగ్గమ్మ కొట్టలేదు. ఆమె బిడ్డను అంతకుముందే బట్టీ వెనక పూడ్చారట.

కొంరెల్లీ, నన్నూ నీతోనే పూడ్చాల్సింది.