దారికడ్డంగా రెండు కాళ్లు

మూడో చుట్టును మడమ కిందుగా తీసుకొచ్చి, పాదం మీద బిగించి, పట్టీని పళ్లతో తెంపాడు జట్టు ఫిజియో. ఎడమ చీలమండ అయింది. కుడిది అందుకున్నాడు. పడుకున్న మనిషికి ఆ బల్ల చాలదు. మోకాళ్ల కిందనుంచి కాళ్లు గాల్లోనే ఉంటాయి. అందుకని పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని కట్టడం తొమ్మిదేళ్లుగా ఫిజియోకి అలవాటు. ఆ పాదాల్లో ఏ ఎముక ఎప్పుడు చిట్లిందో, ఏ వేలు ఎందుకు వంకర పోయిందో, సొంత పిల్లల పుట్టినరోజులకంటే ఆయనకు బాగా గుర్తు.

జట్టులో అందరూ అతన్ని నిచ్చెన అనేవారు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ముప్పై ఆరేళ్లు. పద్నాలుగేళ్లుగా బాస్కెట్‌బాలే అతనికి తిండి పెడుతోంది. అయినా వీధిలో ఎవరూ ఆపి సంతకం అడగలేదు. "బాబూ, ఆ పైన బల్బు కాస్త మార్చిపెడతావా?" అని మాత్రం చాలామంది అడిగారు. మార్చిపెట్టేవాడు.

ఆటలో అతని పని బుట్టలో బంతి వెయ్యడం కాదు. కెప్టెన్‌ను తరుముకొచ్చేవాడి దారికి అడ్డంగా, కదలకుండా గోడలా నిలబడాలి. వాడొచ్చి గుద్దుకుంటాడు. ఆ రెప్పపాటులో కెప్టెన్ బంతి వేస్తాడు. చప్పట్లు కెప్టెన్‌కి, దెబ్బ నిచ్చెనకి. "అందరూ బంతికోసం పుట్టారన్నా, నేను గోడకోసం పుట్టాను," అని నవ్వేవాడు. ఆరు జట్లు మారాడు. ఏ జట్టులోనైనా బెంచీ చివరి చోటే అతనిది. పత్రికలో పేరు ఒక్కసారి పడింది, అదీ అచ్చుతప్పుతో.

"అన్నా, ఈ భుజం కూడా కాస్త చూడు," అన్నాడు ఆ ఉదయం, బల్ల మీద లేచి కూర్చుంటూ. "పొద్దుట్నుంచీ లాగుతోంది. చెయ్యంతా బరువుగా ఉంది."

"నిన్న ప్రాక్టీసులో మన ఏనుగుపిల్లగాడు నిన్ను గుద్దాడు కదరా, అదే."

"వాడు రోజూ గుద్దుతాడు. ఇది వేరేగా ఉందన్నా."

ఆ మాట ఫిజియో చెవిన పడకపోలేదు. తలుపు దగ్గర ఇంకా ఇద్దరు కట్లకోసం కాచుకుని ఉన్నారు. అరచేతిలో బామ్ వేసుకుని, ఎడమ భుజాన్ని మెడదాకా అయిదు నిమిషాలు రుద్దాడు.

"ఊరెళ్లాక ఓసారి డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు.

"నీ చెయ్యి పడ్డాక డాక్టరెందుకు?" అని నిచ్చెన బూట్లు తొడుక్కున్నాడు.

పదకొండింటికి ఆట మొదలైంది. నిచ్చెన ఆడింది ఎనిమిది నిమిషాలు. చివరి నిమిషంలో అవతలివాడు రొమ్ము మీదకు దూసుకొచ్చి కొడితే, దిమ్మలా నిలబడి దెబ్బ కాచుకుని, వెల్లకిలా పడ్డాడు. కెప్టెన్ బంతి బుట్టలో పడింది. ఒక్క పాయింటుతో గెలిచారు. అందరూ కెప్టెన్‌ను భుజాలమీదికెత్తుకున్నారు. నిచ్చెన నేలమీదనుంచి తనంతట తనే లేచి, తువ్వాలు అందుకుని, చెమట తుడుచుకున్నాడు. ఆ చెమట మామూలుకన్నా ఎక్కువ పట్టిందని ఫిజియోకి అనిపించింది. గెలిచిన సంబరంలో ఆ అనుమానం నిలవలేదు.

తిరుగుప్రయాణం మూడు గంటలు. బస్సులో కిటికీ పక్క ఫిజియో, నడవా పక్క నిచ్చెన. అతని కాళ్లు ఏ సీటుముందూ పట్టవు కనక నడవాలోకి చాపేవాడు. బస్సు కదలగానే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళ ఎన్ని వేశావు?"

"వెయ్యలేదమ్మా. తిన్నాను. రెండు గుద్దులు."

పిల్ల కిలకిలా నవ్వడం ఫిజియోకి కూడా వినిపించింది.

"ఈ ఏడాదితో సరి అన్నా," అన్నాడు నిచ్చెన, ఫోన్ పెట్టేసి. "బడిలో పిల్లలకి నేర్పమంటున్నారు. నేనేం నేర్పను చెప్పు, నిలబడ్డమేగా నాకొచ్చింది!"

"అదే ఎవడికీ రాదురా."

నిచ్చెన తల తిప్పి, ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. ఇంతకాలంలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదేమో. "కాస్త కునుకు తీస్తాను," అని కళ్లు మూసుకున్నాడు.

కొంతసేపటికి అతని తల ఫిజియో భుజం మీదికి ఒరిగింది. నిద్ర చెడుతుందని ఆయన కదల్లేదు. భుజం తిమ్మిరెక్కినా ఓర్చుకున్నాడు.

ఎండ వాలుతుండగా బస్సు ఊరు చేరింది. కుర్రాళ్లు సంచులు దించుకుని ఒక్కొక్కరే దిగారు. నడవాకి అడ్డంగా ఉన్న కాళ్లను ఎప్పట్లాగే దాటుకుంటూ పోయారు. "నిచ్చెనన్నా, కాళ్లు పెట్టుకో! సుంకం అడుగుతావా ఏంటి?" అన్నాడు ఏనుగుపిల్లగాడు, గంతేసి దాటుతూ. కెప్టెన్ దాటాడు. కోచ్ దాటాడు. బస్సు ఖాళీ అయ్యాక ఫిజియో అతని మణికట్టు పట్టుకుని, "లేరా, ఇల్లొచ్చింది," అన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఆ ఒంటిని తాకుతున్న చెయ్యి అది. మణికట్టు చల్లగా ఉంది, నాడి అందలేదు.  అతన్ని నడవాలో పడుకోబెట్టి, గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కసాగాడు. డ్రైవరు కేకలు విని అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆస్పత్రి బండి వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు. వచ్చాక కూడా ఆయన చేతులు వాళ్లే తియ్యాల్సి వచ్చింది.

ఏనుగుపిల్లగాడు మెట్టు మీద కూలబడిపోయాడు. "నేను దాటాను. నవ్వుతూ దాటాను," అంటున్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చింది. "గుండెపోటు. మేం చెయ్యడానికేమీ లేదు. భుజం లాగుతోందని, చెయ్యి బరువుగా ఉందని ఏమైనా అన్నాడా?"

"అన్నాడు," అన్నాడు ఫిజియో. "బామ్ రాశాను."

నిచ్చెన భార్య అప్పటికే వచ్చి వెనక నిలబడి ఉంది. పిల్లను పక్కింట్లో వదిలి, పనిచేసే చేతులతోనే వచ్చినట్టుంది; మోచేతిదాకా పిండి. ఆమె ఆ మాట వింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అన్నయ్యా, మీరు పక్కనే ఉన్నారు కదా," అంది. "ఎప్పుడు పోయాడు?"

 దారిలో వచ్చిన ఊళ్లన్నీ ఫిజియోకి వరసగా గుర్తొచ్చాయి. ఏ ఊరి దగ్గర ఆ తల భుజం మీద ఇంకా బతికి ఉందో, ఏ ఊరి దగ్గర లేదో తెలియలేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "నిద్రపోతున్నాడనుకుని కదలకుండా కూర్చున్నాను."

ఆమె చేతుల పిండిని కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఎటో చూస్తూ, "ఆయన వస్తువులేమైనా ఉంటే తెచ్చిపెట్టండి," అంది.

బస్సు ఇంకా అందరూ దిగినచోటే ఉంది. తలుపు తీసే ఉంది. ఫిజియో నడవాలోకి వచ్చి తమ సీటు దగ్గర ఆగాడు. కిటికీ పైన కొక్కేనికి నిచ్చెన స్వెటరు వేలాడుతోంది. నీలంరంగు ఉన్ని. దుకాణంలో దొరికేవాటి చేతులు అతనికి మణికట్టుదాకా అందవు కనక, చివర రెండు జానెడు ముక్కలు ఇంట్లోనే అల్లి కలిపినట్టున్నారు. నీలం సరిపోలేదేమో, ఆ ముక్కలు ఎరుపు. ఆ పొడుగాటి చేతులు రెండూ సీటు మీదిదాకా దిగి, మెల్లగా ఊగుతున్నాయి.