శృంగదర్శనం బోర్డు

నలభై ఆరేళ్లుగా ఆ గుడి గడప తొక్కని నా దగ్గరికి, బోర్డు రాయించుకోవడానికి వచ్చాడు మా తమ్ముడు రామకాంత్. కనిగిరి దగ్గర మా ఊరి శివాలయానికి వాడే అర్చకుడు. వచ్చే సోమవారం కొత్త నందిని ప్రతిష్ఠిస్తున్నారు. నంది కొమ్ముల మీద వేళ్లు ఆనించి, వాటి మధ్యలోంచి శివుణ్ణి చూడటమే శృంగదర్శనం. దాని గురించి నాలుగు మాటలు కావాలట. సంస్కృతం టీచరుగా రిటైరైన అక్క ఉండగా బయటివాళ్లెందుకని వాడి లెక్క. సిగ్గులేని ముఖం.

పాత నంది ఎడమ కొమ్ము నా పన్నెండో ఏట విరిగింది. విరిచింది వీడే. పదేళ్ల వెధవ, నంది మీదెక్కి కొమ్ము పట్టుకుని ఊగాడు. నేను విరిచానని నాన్నకు ఎక్కించాడు. నేనెంత మొత్తుకున్నా నాన్న వినలేదు. ఆ ఏడూ మరుసటి ఏడూ మిరప చేలు ఎండిపోతే ఊరంతా నన్నే తిట్టింది. కొమ్ము విరిచిన పిల్ల అన్నదే నా పేరైంది. గుళ్లోకి రానివ్వలేదు.

టీచరయ్యాక, శృంగమంటే కొమ్మనీ, కొండ శిఖరమనీ, ఘోర పరాభవాన్ని శృంగభంగం అంటారనీ ఏటా పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వీడి మీద ఒళ్లు మండేది.

వాకిట్లో నిలబెట్టే మాట్లాడాను. "సోమవారం మైకులో నిజం చెప్పు. అప్పుడు రాస్తాను."

"ఇన్నేళ్ల తర్వాత ఎందుకక్కా? నాన్న పరువు పోద్ది."

"అబద్ధం నువ్వాడితే నాన్న పరువెందుకు పోద్దిరా?"

వాడు తల వంచుకున్నాడు. "నేనేం చెప్పలేదక్కా. నేను నోరు తెరవకముందే నాన్న నీ పేరు చెప్పేశారు. ఆయన మండపంలోనే ఉండి అంతా చూశారు. కొమ్ము విరిచినోణ్ణి రేపు అర్చకత్వానికి ఊరు ఒప్పుకోదు, ఆడపిల్లకైతే పోయేదేముంది అన్నారు."

నాకు సంస్కృతం నేర్పింది నాన్నే. ఆయన చివరి రోజుల్లో మంచం దగ్గర కూర్చుని సేవ చేసింది నేనే. ఆయన ఒక్కసారైనా ఈ సంగతి చెప్పలేదు.

"పెన్ను తియ్యి, రాసుకో" అన్నాను. "పాత నంది కొమ్ము విరిచినవాడు రామకాంత్. ఆ నింద పన్నెండేళ్ల కూతురి మీద వేసినవాడు రాధాకృష్ణమూర్తి."

పెన్ను ఆగిపోయింది. "నాన్న పేరు వద్దక్కా."

"ముందు ఆయనదే రాయి. గారు అక్కర్లేదు."