కూర్మయ్య నీళ్ల డబ్బా

కూర్మయ్య పోయి ఏడాది నిండిన వారమే, అతని కుక్క రాణి అరుగెక్కింది. సరిగ్గా అతను కూర్చునే చోట వంగి, ముక్కీ మూలిగీ నాలుగు ఎర్రటి చుక్కలు పోసింది. దేముడమ్మ చేతిలో చీపురు జారిపోయింది. ఆఖరి రోజుల్లో మొగుడూ అలాగే మూలిగేవాడు. అతనికీ ఉచ్చలో నెత్తురే.

"అన్నే ఒచ్చీసినాడు ఒదినా," అన్నాడు మరిది వెంకటరావు.

"బతికున్నప్పుడు నా సీర తీసి ఆరీసినోడు కాడు, ఇప్పుడు ఆడకుక్కయిపోతాడేటి?"

"నవ్వకు. పిల్లలున్న ఇల్లు. ఆదివారానికి దీన్ని భావనపాడు సముద్రం ఒడ్డున ఒగ్గీసి వస్తాను."

నవ్విందేగాని ఆమెకూ దడే. రోజూ సందేళ కూర్మయ్య నీళ్ల డబ్బా నింపి అరుగు మీద పెడుతుంది. అది కలుపు మందు డబ్బా. ఏటా ఖాళీ అయినదాని మూతి కోసి, కడిగి, పొలానికి నీళ్లు మోసుకునేవాడు. ఇది అతను కోసిన చివరిది. తెల్లారేసరికి నీళ్లు నాలుగు వేళ్లు తగ్గి ఉంటాయి. వచ్చి తాగాడనుకుని, మిగిలినవి తీర్థంలా తనూ పుచ్చుకుంటుంది.

శనివారం ఆటో మాట్లాడుకుని రాణిని శ్రీకాకుళంలో పశువుల డాక్టరు సింధు దగ్గరికి తీసుకెళ్లింది. జబ్బని తేలితే కుక్క దక్కుతుంది. అతనేనని తేలితే?

"కోత లేదమ్మా. మత్తిచ్చి, ఉచ్చ దారిలోంచే సన్న గొట్టం పంపుతాం. కొసన కెమెరా ఉంటుంది."

తెర మీద ఎర్రటి గుహ వెలిగింది. గోడకి నాచులాంటిదేదో పట్టి, ఊపిరున్నట్టు మెల్లగా ఊగుతోంది. దేముడమ్మ "నువ్వేనా?" అనబోయి నాలుక కరుచుకుంది. డాక్టరు ఆ గొట్టంలోంచే సన్న పటకారు పంపి చిన్న ముక్క తుంచింది.

"ఉచ్చ తిత్తిలో గడ్డ. పరీక్షకి పంపితే ఏ రకమో తేలుతుంది. మందులున్నాయి, కుక్కని వదిలేయకండి. ఇలాంటి గడ్డలు కలుపు మందు వల్లా రావచ్చు, అదేమైనా తగులుతోందా దీనికి?"

"నేదమ్మా. దానికి స్టీలు గిన్నె పెడతాను. ఎప్పుడు సూసినా నిండుగానే ఉంతాది..."

మరి ఇది తాగేదెక్కడ? రాణి పడుకునేది ఆ అరుగు మీదే. నాలుగు వేళ్ల నీళ్లు.

కూర్మయ్య ఒక్కనాడూ రాలేదన్నమాట.

డబ్బా సంగతి మెల్లగా చెప్పింది. సింధు ముఖం మారింది. "దానివల్లే అని ఒట్టేసి చెప్పలేను గానీ, ముందు దాన్ని పారేయండి. అందులో ఇంకెవరైనా తాగుతున్నారా?"

రాణి మత్తులో మూలిగింది, అచ్చం అతనిలాగే. దేముడమ్మకి వారం రోజులుగా పొత్తికడుపులో సన్నగా మంట. తెర మీద నాచు ఇంకా ఊగుతోంది.

"ఆ గొట్టం," అంది చివరికి, "మనుసులకీ ఏస్తారా అమ్మా?"