అద్దం దించిన హెల్మెట్టు

నేను ఒక హెల్మెట్టుని. నల్లరంగు, ముఖమంతా కప్పే రకం, ముందు పొగరంగు అద్దం. ఎక్కడో ఉత్తరాది ఫ్యాక్టరీలో అచ్చుపోసి, లోపల థర్మాకోలూ స్పాంజీ అంటించి, లారీకెక్కించి కాకినాడ పంపేశారు. రోడ్డు పక్కన తాడుకు వేలాడుతుంటే ఒక కుర్రాడు బేరమాడి కొన్నాడు. తల కోసమే అనుకున్నాను. ఏడాదిపాటు మోచేతికి తగిలించుకుని తిరిగాడు మహానుభావుడు. పోలీసు కనబడితే మాత్రం నా మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చేది.

తర్వాత వాడు కారు కొనుక్కుని నన్ను వాళ్ల బావ త్రిమూర్తులు మాస్టారికి ఇచ్చేశాడు. మాస్టారు ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పరీక్షలంటే వణికే పిల్లల్ని అందరూ ఆయన దగ్గరికే పంపుతారు. నాలుగు కేకలేస్తే ఎంత భయమైనా వదిలిపోతుందని పేరు. అలాంటి మనిషి కాలేజీ గేటు కనబడగానే నా లోపల రొప్పుతుంటే నేనే నమ్మలేకపోయాను. అద్దానికి ఆవిరి పట్టేది, స్పాంజి తడిసేది. ఇంట్లో ఆవిడ చెమటనుకుని నన్ను ఎండలో పెట్టేది. అది కన్నీళ్లని తెలిసింది నాకొక్కదానికే, నాకా నోరు లేదు.

చివరికి ఒక శనివారం, రంగుల షాపు మీదున్న సునందగారి కౌన్సెలింగ్ గదికి వెళ్లారు. బండి దిగాక నన్ను తీయలేదు. మెట్ల మీదా తీయలేదు. వరండాలో కుర్చీలో కూర్చున్నాక కూడా అంతే. ఇద్దరం ఉడికిపోతున్నాం. ఎవరైనా గుర్తుపడితే, ధైర్యం చెప్పే మాస్టారికే పిచ్చట అని సోమవారానికల్లా కాలేజీ అంతా పాకిపోతుంది. అదీ ఆయన బెంగ.

సునందగారు నన్ను చూసి నవ్వలేదు. "అలాగే ఉంచుకోండి, తొందరేం లేదు" అన్నారు. మాస్టారు కూర్చుంటూనే చెయ్యి చాపారు, నాడి చూసి మాత్ర రాసిస్తారని కాబోలు.

"నేను మందులివ్వనండి. అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపుతాను. ఇక్కడ మాట్లాడుకోవడమే. మీరు చెప్పింది ఈ గది దాటదు, ఎవరి ప్రాణం మీదికైనా వస్తే తప్ప. ఒక్కరోజులో తేలేది కాదు. నాతో కుదరలేదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పేయండి, ఇంకొకరి పేరిస్తాను."

మాస్టారు తల ఊపారు. ఆయనతోపాటు నేనూ ఊగాను. చాలాసేపటికి ఏదో గొణిగారు.

"వినబడలేదండీ" అన్నారావిడ.

మళ్లీ చెప్పారు. మళ్లీ వినబడలేదు. నాకు మాత్రం చెవులు చిల్లులు పడేలా వినిపించింది. తీసెయ్యవయ్యా బాబూ నన్ను, అని అరవాలనిపించింది. ఆయన వేళ్లు గడ్డం కింద పట్టీని తడుముతూనే ఉన్నాయి. ఎట్టకేలకు క్లిప్పు ఊడింది.

"క్లాసులోకెళ్తే గొంతు పట్టేస్తందండి. చచ్చిపోతానేమో అనిపిస్తంది. ఎవరికీ చెప్పలేదండి ఇన్నాళ్లూ." నన్ను ఒళ్లో గట్టిగా పట్టుకుని ఏడ్చారు. నాకు చాలా జాలేసింది.

గంట తర్వాత నన్ను చంకలో పెట్టుకుని బయటికొచ్చారు. వరండాలో ఒకావిడ గబుక్కున లేచి నిలబడింది. వాళ్లమ్మాయి హారిక మాస్టారి క్లాసే.

"మాస్టారూ, తమరేంటండి ఇక్కడ?"

ఆయన చెయ్యి నన్ను నెత్తి మీదికి ఎత్తబోయి ఆగింది.

"భయమేస్తందమ్మా. చెప్పుకుందామని వచ్చాను."

ఆవిడ ముఖం అదోలా అయిపోయింది. "మా హారికకీ అంతేనండి. కాలేజీ పేరెత్తితే వణికిపోతంది. ఇక్కడిదాకా తీసుకొస్తే పైకి రానని కింద షాపు దగ్గరే కూర్చుండిపోయింది. మీకు మాత్రం తెలియకూడదని ఒట్టేయించుకుందండి."

మాస్టారు నన్ను మళ్లీ చంకలోకి దించుకున్నారు.

"మీ సారూ ఇక్కడికే వస్తన్నారని చెప్పమ్మా" అన్నారు. "కాలేజీలో ఎవరికి చెప్పినా పర్లేదని కూడా చెప్పు."

ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగింది. మాస్టారు నన్ను కుర్చీలో పెట్టేసి, ఆ పిల్ల పైకొస్తుందేమోనని ఒట్టి ముఖంతో మెట్ల దగ్గర నిలబడ్డారు.