నాలుగో నెలలో గడ్డికోత

ఫీబీ మెండెన్‌హాల్ ఆ వాక్యాన్ని మూడోసారి చదివి కుర్చీలోంచి దిగ్గున లేచింది.

“ఎనాక్! ఏప్రిల్లో ఎవరైనా గడ్డి కోస్తారా?”

ప్రార్థనాలయం బీరువా ముందు తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డ ఎనాక్ పాస్‌మోర్‌కి ఎనభై నాలుగేళ్లు. ఆ ఊరి క్వేకర్లనే క్రైస్తవుల సభకు రాతపనీ, పాత పుస్తకాల కాపలా రెండూ ఆయనవే.

“మన పెన్సిల్వేనియాలోనా? మతిపోయినవాడు కూడా కొయ్యడు. కోడిపిల్ల కూడా దాక్కోలేదు ఆ గడ్డిలో.”

“మరి ఇక్కడ రాశారు చూడు! ‘నాలుగో నెల ఇరవయ్యో రోజు, 1712. గడ్డికోతల వల్ల సభకు కొద్దిమందే వచ్చారు.’ ఆ కిందనే ఉంది, క్వయెట్ లాట్‌లో పూడ్చారని మనం చెప్పుకునే తొలి ఇద్దరి సంగతి!”

ఫీబీకి డెబ్బై ఒకటి. ఊళ్లో అందరికన్నా గొంతు పెద్దది. గంటసేపు కళ్లుమూసుకు మౌనంగా కూర్చోవడమే ప్రార్థన అనుకునే క్వేకర్లలో ఈమె ఎలా పుట్టిందని ఎనాక్ ముప్ఫై ఏళ్లుగా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

క్వయెట్ లాట్, అంటే నిశ్శబ్దపు స్థలం, ఊరి మధ్య మూడెకరాల పచ్చిక. హార్డ్‌వేర్ కొట్టుకీ అదే పేరు, బడి ఫుట్‌బాల్ జట్టుకీ అదే పేరు. ఆ జట్టు కుర్రాళ్ల అరుపులకి పక్కూరి కుక్కలు లేచి కూర్చుంటాయి, అది వేరే సంగతి. ఆ పచ్చిక పక్క మలుపులో మాత్రం లారీవాళ్లు సైతం హారన్ కొట్టరు. ఎందుకని అడిగితే మా నాన్న కొట్టేవాడు కాదు అంటారు. కింద తమ పెద్దలు పడుకుని ఉన్నారని క్వేకర్లు చెబుతారు గాని, ఆ కాలపు క్వేకర్లు సమాధి మీద రాయి పెట్టడం డాంబికమనుకున్నారు. చూపించడానికి ఒక్క రాయి లేదు. నేల లోపలికి చూసే యంత్రం పెట్టి వెతికితే చెట్ల వేళ్లు తప్ప ఇంకేమీ తేలలేదు.

ఇప్పుడు కొత్త రోడ్డు పడబోతోంది. ఒక దారి క్వయెట్ లాట్ మీదుగా పోతుంది. రెండోది ఫీబీ తాతగారి నాటి పుట్టగొడుగుల షెడ్ల మీదుగా. మధ్యాహ్నం మూడింటికి ఊరి పాలకమండలి ఏదో ఒకటి తేల్చేస్తుంది. సర్వే ఇంజనీరు క్లింగర్ ఇప్పటికే రాసిచ్చాడు: ఆ నేల సభ చేతికి వచ్చింది 1712 జూన్ రెండున, పూడ్చింది ఏప్రిల్లో, తమది కాని నేలలో ఎవరూ పూడ్చరు గనక అది వేరే చోటు. సమాధులు లేవంటే రోడ్డు పచ్చిక మీదుగానే, షెడ్లు నిలిచినట్టే. అయినా ఫీబీకి మనసు ఊరుకోలేదు. ఒక్కసారి అసలు పుస్తకం చూద్దామని వచ్చింది.

“ఎనాక్, ఆ రోజుల్లో మనవాళ్లు నెలలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టేవాళ్లు?”

ఎనాక్ చేతిలో తాళాలు ఆగిపోయాయి. “మార్చి నుంచి. అప్పట్లో ఏడాది మార్చిలోనే మొదలయ్యేది.”

“మార్చి, ఏప్రిల్, మే...” ఫీబీ వేళ్లు మడిచింది. “జూన్! జూన్ ఇరవై! నేల చేతికొచ్చిన పద్దెనిమిది రోజులకి! వాళ్లు అక్కడే ఉన్నారు ఎనాక్, అక్కడే!” ఆమె ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. అప్పుడు గుర్తొచ్చింది. క్లింగర్ నమ్ముకున్న, ఈ పుస్తకపు టైపు ప్రతిలో ఏప్రిల్ అని కొట్టింది తనే, పందొమ్మిదేళ్లప్పుడు.

“నీ షెడ్లు...” అన్నాడు ఎనాక్ మెల్లగా.

“తెలుసు.”

“ఐదు నిమిషాలు కూర్చుందాం.”

ఇద్దరూ బెంచీ మీద కళ్లుమూసుకు కూర్చున్నారు. ఫీబీ మూడు నిమిషాలు కూడా ఉండలేకపోయింది. “పద, టైమవుతోంది!” అని పుస్తకాన్ని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని కారెక్కింది.

పాలకమండలి హాలు కిటకిటలాడుతోంది. మండలి అధ్యక్షురాలు డోనా ఫెరాంటే పిలవకముందే ఫీబీ లేచింది.

“క్లింగర్, నువ్వు తప్పు రాశావు. తప్పు నీది కాదు, నాది.”

క్లింగర్ మొహం ఎర్రబడింది. “మీరు టైపు చేసిందేగా మేం నమ్మింది!”

“అదేగా నేననేది! నాలుగో నెలంటే మాకు ఏప్రిలే. ఉగ్గుపాలతో వచ్చింది. మా సభలో ఈరోజుకీ అలాగే రాసుకుంటాం. పాతకాలపు లెక్క మార్చి నుంచనీ, నాలుగోదంటే జూననీ మా అమ్మ చెప్పే ఉంటుంది, నా వేళ్లు వింటేనా! బయటివాడైతే ఎవర్నో ఒకర్ని అడిగేవాడు. నాకు అడగాలనే తోచలేదు. ఇదిగో, గడ్డికోతలని రాశారు. ఏప్రిల్లో గడ్డి కోసినవాడెవడైనా ఉంటే చెయ్యెత్తండి!”

హాలంతా గొల్లుమంది. క్లింగర్ పుస్తకం తీసుకుని, గడ్డికోత మాట మీద వేలు పెట్టి, పైన తేదీ చూసి, మళ్లీ కిందికొచ్చాడు. “నాది కూడా పొలం ఇల్లే. సరిపోయింది,” అన్నాడు చివరికి.

“ఎవరు వాళ్లు?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

ఫీబీ చదివింది. ఓడ దిగుతూనే జ్వరంతో వచ్చిన మనిషి, పేరు చెప్పలేకపోయాడు. ఆయనకి సేవ చేసి అదే జ్వరంతో పోయిన సుసానా పైల్, పదహారేళ్లది. నవ్వులు ఆగిపోయాయి.

డోనా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఫీబీ, మా నాన్న ముప్ఫై ఏళ్లు నీ షెడ్లలో పనిచేశాడు. నా చదువు అక్కడి కూలి డబ్బే. రెండో దారంటే ఏంటో తెలిసే మాట్లాడుతున్నావా?”

“తెలిసే డోనా. పుట్టగొడుగులు ఇంకోచోట మొలుస్తాయి.”

“ఈ వయసులో ఇంకోచోటేంటమ్మా?”

“అది నేను చూసుకుంటాలే. నువ్వు చేతులెత్తించు!”

నాలుగు చేతులు గబగబా లేచాయి. డోనా చెయ్యి ఆఖర్న లేచింది. రోడ్డు షెడ్ల మీదుగానే ఖాయమైంది.

బయటికొచ్చాక ఫీబీ మెట్ల మీద కూర్చుండిపోయింది. గెలిచినట్టూ ఉంది, ఇల్లు కాలినట్టూ ఉంది. ఎనాక్ పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఈసారి ఫీబీ కూడా ఏమీ అనలేదు. ఐదు నిమిషాలు దాటింది, పది దాటింది. జనం వాళ్లని తప్పుకుంటూ దిగిపోయారు.

చివరికి ఆమె ముక్కు చీది లేచింది. “మూడో షెడ్డులో పుట్టగొడుగులు కోతకొచ్చాయి. రేపటికుంటే గొడుగులు విచ్చుకుపోతాయి. వస్తావా?”

“నాకు కొయ్యడం రాదు.”

“నేర్పిస్తా పద.”

ఎనాక్ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ఆమె వెనకే కారెక్కాడు.